సీటు దగ్గర ప్లగ్ ఉంటే సరిపోతుందా? పోర్టబుల్ ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌తో ఒక దూర ప్రయాణం: కేస్ స్టడీ

ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్న మనిషి విమానం ఎక్కవచ్చా అని అడిగితే, చాలామంది విషయంలో నా జవాబు ‘ఎక్కవచ్చు’ అనే. ఎక్కాక ఆ పోర్టబుల్ కాన్సన్‌ట్రేటర్, అంటే చుట్టూ ఉన్న గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే మెషిన్, బ్యాటరీ మీద ఎన్ని గంటలు నడుస్తుందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వస్తుంది. ఊపిరితిత్తుల సంగతి డాక్టరు చూస్తాడు, బ్యాటరీల సంగతి ఇంట్లోవాళ్లు చూసుకుంటారు అన్నట్టుగా పని పంచుకుంటాం. అలా పంచుకోవడం కుదరదు. డయల్ మీద ఒక అంకె పెంచితే శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం నిండిందో చెప్పే అంకె) పెరుగుతుంది, అదే సమయంలో బ్యాటరీ గంటలు తగ్గుతాయి. కాబట్టి బ్యాటరీ లెక్క కూడా ప్రిస్క్రిప్షన్‌లో భాగమే. రోగి, ఆయన కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

రోగి పరిస్థితి

ఆయన వయసు 66. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక జబ్బు) ముదిరింది. ఎఫ్‌ఈవీ1, అంటే బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, ఉండాల్సిన దానిలో 38 శాతం. మామూలు గాలి పీలుస్తూ కూర్చున్నప్పుడు ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 54 మిల్లీమీటర్లు, కార్బన్ డయాక్సైడ్ 47, శాచురేషన్ 87. ఇంట్లో పెద్ద కాన్సన్‌ట్రేటర్ మీద నిమిషానికి 2 లీటర్ల చొప్పున, రోజుకు 15 గంటలకు తగ్గకుండా ఆక్సిజన్ తీసుకుంటారు. దానితో శాచురేషన్ 92 దగ్గర నిలుస్తుంది. ఈమధ్య ఆస్పత్రిలో చేరాల్సినంత ఇబ్బంది రాలేదు. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఎప్పుడూ కాలేదు. ఎకోలో (గుండె స్కాన్‌లో) గుండె కుడి భాగం మీద కొద్దిపాటి ఒత్తిడి కనిపించింది, కాళ్ల వాపు లేదు.

కూతురి దగ్గరికి వెళ్లాలి. మొదటి విమానం 4 గంటలు, మధ్యలో 3 గంటల విరామం, రెండోది తొమ్మిదిన్నర గంటలు. తోడుగా భార్య, కొడుకు వెళ్తున్నారు. నా దగ్గరికి వచ్చేటప్పటికే వాళ్లు రెండు కిలోల పైచిలుకు బరువున్న చిన్న పోర్టబుల్ మెషిన్ కొనేశారు.

“దీని మీద విమానంలో వాడుకోవచ్చని ఎర్ర అక్షరాల్లో రాసుంది డాక్టర్ గారూ. ఇంట్లో రెండు మీద పెట్టుకుంటాను, ఇందులోనూ రెండే కదా?” అన్నారాయన.

ఆ ఒక్క వాక్యంలో విప్పి చెప్పాల్సినవి రెండున్నాయి.

మొదటిది ఆ లేబుల్. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2005లో కొన్ని మోడళ్లను పేరుపేరునా అనుమతించింది. 2016లో ఆ పేర్ల జాబితా పద్ధతి మార్చి, ప్రమాణాలు ఇచ్చింది: మెషిన్ రేడియో తరంగాలతో విమాన పరికరాలకు అడ్డు రాకూడదు, లోపల పుట్టే ఆక్సిజన్ పీడనం 200 కిలోపాస్కల్ దాటకూడదు, బ్యాటరీలు తప్ప వేరే ప్రమాదకర పదార్థాలు ఉండకూడదు. వీటికి సరిపోతుందని తయారీదారు ఎర్ర అక్షరాల్లో లేబుల్ వేయాలి. ఇతర దేశాల ఎయిర్‌లైన్స్ కూడా చాలా వరకు ఆ లేబుల్‌నే చూస్తాయి. అంటే ఈ మెషిన్ వల్ల విమానానికి ప్రమాదం లేదని మాత్రమే దాని అర్థం. ఈ మనిషికి ఆ మెషిన్ సరిపోతుందని ఎవరూ అక్కడ రాయలేదు.

రెండోది ‘రెండు’ అన్న అంకె. ఇంట్లో మెషిన్ మీద 2 అంటే నిమిషానికి 2 లీటర్లు, ఆగకుండా ప్రవహిస్తుంది. చిన్న మెషిన్ అలా ఇవ్వదు. శ్వాస లోపలికి తీసుకోవడం మొదలుపెట్టిన క్షణాన్ని పసిగట్టి, ఒక పఫ్ వదులుతుంది. దీన్నే పల్స్ మోడ్ అంటాం. అందులో 2 అంటే కంపెనీ పెట్టుకున్న ఒక మెట్టు. ఒక మోడల్‌లో 2 మీద వచ్చే ఆక్సిజన్, ఇంకో మోడల్‌లో 2 మీద వచ్చేదానితో సమానంగా ఉండదు. కొన్ని మెషిన్లు నిమిషానికి ఇచ్చే మొత్తాన్ని స్థిరంగా ఉంచుతాయి కాబట్టి ఆయాసంతో శ్వాసలు పెరిగినకొద్దీ ఒక్కో పఫ్ చిన్నదైపోతుంది. ఆక్సిజన్ ఎక్కువ కావాల్సిన సమయంలోనే ఒక్కో శ్వాసకు తక్కువ అందుతుంది.

ఎత్తులో ఏమవుతుంది

విమానం 35 వేల అడుగుల మీద ఎగిరినా క్యాబిన్‌లో పీడనాన్ని పెంచి ఉంచుతారు. నిబంధన ప్రకారం మామూలుగా అది 8,000 అడుగుల ఎత్తుకు సమానమైన పీడనం కన్నా తగ్గకూడదు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త విమానాల్లో 6,000 అడుగుల దగ్గర ఉంచుతారు. గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా 21కి దగ్గరే, పీడనం తగ్గుతుంది. 8,000 అడుగుల దగ్గర పీల్చే గాలి, సముద్రమట్టం దగ్గర సుమారు 15 శాతం ఆక్సిజన్ పీల్చినదానితో సమానం. ఆరోగ్యవంతుడికి కూడా శాచురేషన్ కొంత తగ్గుతుంది, అతనికి తెలియదు. మామూలు గాలిలోనే 87 ఉన్న మనిషికి ఆ తగ్గుదల చాలా పెద్దది.

ఊపిరితిత్తుల వైద్యుల సంఘమైన బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ మార్గదర్శకాల ప్రకారం ఇంట్లో ఆక్సిజన్ వాడేవారికి సాధారణంగా విమానంలో ప్రవాహం పెంచుతాం. ఇంట్లోనే 4 లీటర్లకు మించి కావాల్సినవారికి ప్రయాణం వద్దనడమే మంచిది. ఈయన విషయంలో ఆక్సిజన్ అవసరమా అన్నది ప్రశ్నే కాదు. ఈ మెషిన్ మీద ఏ అంకె అన్నది తేలాలి.

అందుకే హైపాక్సిక్ ఛాలెంజ్ టెస్ట్, అంటే విమానంలోని లాంటి పలచని గాలిని నేల మీదే పీల్పించి చూసే పరీక్ష, చేశాం. 40 శాతం వెంచూరీ మాస్క్‌కు (వాయువును గాలితో నిర్ణీత పాళ్లలో కలిపే మాస్క్) ఆక్సిజన్ బదులు నైట్రోజన్ కలిపితే రోగి పీల్చేది దాదాపు 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి. మాస్క్ కింద ముక్కుకు క్యాన్యులా (ఆక్సిజన్ అందించే సన్న గొట్టం) పెట్టి, ఆయన సొంత మెషిన్ ఆన్ చేశాం. 2 మీద శాచురేషన్ 84కి జారింది. 3 మీద 88, 4 మీద 91. 4 మీద మళ్లీ బ్లడ్ గ్యాస్ (ధమని రక్త పరీక్ష) తీస్తే కార్బన్ డయాక్సైడ్ 48. పెద్దగా కదలలేదు. ఈ జబ్బులో ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉంటుంది, కాబట్టి లక్ష్యం 88 నుంచి 92 మధ్యే. గదిలో ఈ పరీక్ష చేస్తున్నప్పుడు రోగి పలచని గాలి పీలుస్తున్నా, మెషిన్ మాత్రం గదిలోని మామూలు గాలినే పీలుస్తుంది. విమానంలో రెండూ ఒకే గాలి పీలుస్తాయి. అందుకే పరీక్ష ఫలితాన్ని అంచనాగా తీసుకోవాలి. పైన కూర్చున్నాక ఆక్సీమీటర్ చూపించే అంకెకే విలువ.

నిద్ర సంగతి వేరేగా చూడాలి. నోటితో శ్వాస తీసుకుంటూ, చిన్న చిన్న శ్వాసలతో పడుకునే మనిషి ముక్కు దగ్గర వచ్చే పీల్పును పల్స్ మెషిన్ ఒక్కోసారి పసిగట్టలేదు. ఇంట్లో కుర్చీలో విమానం సీటులాగే కూర్చోబెట్టి, 3 మీద ఒక రాత్రి రికార్డ్ చేశాం. మెలకువగా ఉన్నప్పుడు 92 ఉన్నది నిద్రలో కొన్నిసార్లు 86కి పడింది. 4 మీద, మెడ దిండుతో గడ్డం కిందికి జారకుండా చూస్తే 89 కన్నా దిగలేదు. ఇది కూడా సరిపోకపోతే, ఆగకుండా ప్రవాహం ఇవ్వగల పెద్ద మెషిన్‌కు మారాల్సి వచ్చేది. దాని బరువు ఎక్కువ, బ్యాటరీ చాలా త్వరగా అయిపోతుంది. అవసరం పడలేదు.

చివరకు నేను రాసింది ఇది: మెలకువగా కూర్చుంటే 3, లేచి నడవబోయే ముందు నుంచీ 4, నిద్రలో 4.

బ్యాటరీ లెక్క

ఇక్కడి నుంచి మాన్యువల్‌ను పక్కన పెట్టమన్నాను. మాన్యువల్‌లో పెద్ద అక్షరాల్లో ఉండే గంటలు చాలావరకు అతి తక్కువ సెట్టింగ్‌వి, కొత్త బ్యాటరీవి. మన రోగి ఆ సెట్టింగ్‌లో ఉండడు. వాళ్ల అబ్బాయి ప్రతి బ్యాటరీనీ నిండా ఛార్జ్ చేసి, మెషిన్‌ను తండ్రికి పెట్టి, అది ఆగిపోయేదాకా టైమ్ రాశాడు. ఆ పనిని అంత ఓపికగా చేసినందుకు అతన్ని మనసారా మెచ్చుకున్నాను.

ఒక్కో బ్యాటరీ 14.4 వోల్టులు, 6.4 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 92 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి. 2 మీద 4 గంటల 40 నిమిషాలు నడిచింది. 3 మీద 3 గంటల 20 నిమిషాలు, 4 మీద రెండున్నర గంటలు. మెషిన్‌తో పాటు వచ్చిన ఒక పాత బ్యాటరీ 3 మీద రెండున్నర గంటలకే చేతులెత్తేసింది. లిథియం అయాన్ బ్యాటరీ సామర్థ్యం వాడేకొద్దీ తగ్గుతుంది, స్క్రీన్ మీద మాత్రం 100 శాతం అనే చూపిస్తుంది. దాన్ని ప్రయాణం లెక్కలోంచి తీసేశాం.

ఎయిర్‌లైన్ ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ ఉండాలంది. అమెరికా రవాణా శాఖ నిబంధనల్లో కూడా ఎయిర్‌లైన్స్ గరిష్ఠంగా ఇంతవరకు అడగవచ్చని ఉంది. ఆలస్యాలు, గాల్లో చక్కర్లు, వేరే విమానాశ్రయానికి మళ్లించడం లాంటివి చూస్తే అది న్యాయమైన లెక్కే. రెండు విమానాలూ కలిపి పదమూడున్నర గంటలు, దానికి ఒకటిన్నర రెట్లు 20 గంటల 15 నిమిషాలు. అందులో నిద్రకూ నడకకూ కలిపి 5 గంటలు 4 మీద అనుకుంటే రెండు బ్యాటరీలు. మిగతా 15 గంటల 15 నిమిషాలు 3 మీద అయితే నాలుగున్నరకు కాస్త పైన. మొత్తం ఆరున్నర దాటింది, అంటే ఏడు. అందరూ మొదట వేసిన లెక్కలో, అంటే మొత్తం ప్రయాణం 2 మీదే అనుకుంటే, ఐదుతో సరిపెట్టేవారు.

ఎయిర్‌పోర్ట్‌లో ఎదురుచూసే గంటలు ఎయిర్‌లైన్ లెక్కలోకి రావు. ఊపిరితిత్తులకు మాత్రం అవీ గంటలే. ఆలస్యమేమీ లేకుండా, ఎక్కడా ఒక్క ప్లగ్ కూడా దొరకకుండా ఇంటి నుంచి దిగేదాకా ఎంత కావాలో విడిగా వేశాం: ఆరు దాటి కొద్దిగా. ఏడుతో అదీ గట్టెక్కుతుంది.

ఒకే పెద్ద బ్యాటరీ కొంటే సులువు కదా అని అడిగారు. విమానంలో 100 వాట్ అవర్ల లోపు లిథియం బ్యాటరీలకు మామూలుగా ఇబ్బంది లేదు. 100 నుంచి 160 వరకు ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, విడిగా తీసుకెళ్లేవి రెండే. అందుకే 92 వాట్ అవర్లవి ఏడు తీసుకోవడం మేలు. విడి బ్యాటరీలు చెకిన్ లగేజీలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. వాటి లోహపు కొనలు ఒకదానికొకటి తగలకుండా ఒక్కోదాన్నీ వేరే కవర్‌లో పెట్టించాను. ఆ కవర్ల మీద అబ్బాయి 1 నుంచి 7 వరకు అంకెలు వేశాడు. ఏది వాడింది, ఏది నిండుగా ఉందన్న అయోమయం అర్ధరాత్రి ఉండకూడదు.

సీటు ప్లగ్ ఎలా పనిచేస్తుంది

“సీటు కింద కరెంట్ ప్లగ్ ఉందని బుకింగ్‌లో చూపిస్తోంది కదా, మరి ఇన్ని బ్యాటరీలు ఎందుకండీ?” అని ఆయన భార్య అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆ బరువు మోసేది వాళ్లే కదా.

సీటు ప్లగ్ ఇంటి గోడ ప్లగ్ కాదు. పాత తరహా వ్యవస్థల్లో ఒక్కో సీటుకు 75 వాట్ల దగ్గరే పరిమితి ఉంటుంది. అది దాటితే ప్లగ్ తనంతట తానే ఆగిపోతుంది. మూడు సీట్లకు రెండే ప్లగ్‌లు ఉండటం మామూలు. టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో చాలా విమానాల్లో ఆపేస్తారు. క్యాబిన్ సిబ్బంది దగ్గర మొత్తానికి ఒక స్విచ్ ఉంటుంది. పిన్నులు వదులైపోయిన సాకెట్లు సరేసరి. మామూలు యూఎస్‌బీ పోర్ట్ 10 వాట్ల దగ్గరే ఇస్తుంది, ఫోన్‌కు తప్ప దేనికీ పనికిరాదు. పైగా చివరి నిమిషంలో విమానమే మారవచ్చు.

వాట్ మీటర్ పెట్టి కొలిచినప్పుడు ఈ కేసు మొత్తంలో ఎక్కువ ఉపయోగపడ్డ విషయం బయటపడింది. మెషిన్‌లో నిండు బ్యాటరీ ఉంచి 3 మీద నడిపితే గోడ నుంచి 33 వాట్లే లాగింది. అదే ఖాళీ బ్యాటరీ ఉంచి ప్లగ్ పెడితే 100 వాట్లు దాటింది, ఎందుకంటే నడవడానికి కావాల్సిన కరెంట్‌తో పాటు బ్యాటరీ నింపడానికి కూడా లాగుతోంది. సీటు ప్లగ్ ఆగిపోయేది అందుకే. మనిషి సహజంగా చేసేది దీనికి తలకిందులు: బ్యాటరీ అయిపోయేదాకా వాడి, అప్పుడు ప్లగ్ వెతుక్కుంటాడు. కాబట్టి వాళ్లకు నేను చెప్పింది: ప్లగ్‌లో కరెంట్ రాగానే, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే పెట్టండి. బ్యాటరీ తగ్గిపోయి ఉంటే ముందు నిండుదాన్ని మార్చి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టండి. ఖాళీవాటిని నింపే పని గాల్లో వద్దు, టెర్మినల్లో గోడ ప్లగ్ దగ్గర చేసుకోండి.

బ్యాటరీ మార్చే కొద్ది క్షణాలు ఈ మోడల్ ఆగిపోతుంది. తడబాటు లేకుండా మార్చడం భార్య, కొడుకు ఇద్దరూ ఇంట్లో సాధన చేశారు, చీకట్లో కూడా.

కాగితాలు, సీటు

ఎయిర్‌లైన్ వైద్య ఫారం నేనే నింపాను. సెట్టింగులు, ఎప్పుడు ఏది, మెషిన్ మోడల్, బ్యాటరీల సంఖ్య, వాట్ అవర్లు అన్నీ రాశాను. కనీసం 48 గంటల ముందు చెప్పాలన్న నియమం చాలాచోట్ల ఉంది, మేము ఇంకా ముందే పంపాం. రెండు విమానాలను నడిపేవి వేర్వేరు సంస్థలు కావడంతో ఇద్దరి దగ్గరా విడివిడిగా లిఖిత అనుమతి తీసుకున్నారు. టికెట్ అమ్మిన సంస్థ ‘సరే’ అన్నంత మాత్రాన నడిపే సంస్థ సరే అన్నట్టు కాదు. ఎయిర్‌లైన్ ఇచ్చే ఆక్సిజన్ గురించి కూడా అడిగాం. రెండో సంస్థ ఇవ్వదంది. ఇచ్చినా అది విమానం లోపల మాత్రమే, టెర్మినల్లో మన ఏర్పాటు మనదే.

ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరసలో కూర్చోకూడదు. మెషిన్ ముందు సీటు కింద పెట్టాలి, గాలి లోపలికి పీల్చే జాలీ మూసుకుపోకూడదు, కాబట్టి ముందు గోడ ఉన్న వరస కూడా వద్దన్నాను. టాయిలెట్‌కు దగ్గరగా, కిటికీ పక్క సీటు తీసుకున్నారు. ముక్కు ఎండిపోతే వాజిలీన్ లాంటివి కాకుండా నీటి ఆధారిత జెల్ మాత్రమే రాయమన్నాను. పైనుంచి అత్యవసర మాస్క్‌లు పడితే క్యాన్యులా తీసేసి ఆ మాస్కే పెట్టుకోవాలని ప్రత్యేకంగా చెప్పాను. అంత ఎత్తులో పీడనం పోయినప్పుడు కాన్సన్‌ట్రేటర్ ఆదుకోలేదు.

ప్రయాణంలో జరిగింది

అబ్బాయి రాసిపెట్టిన నోట్స్ ఆధారంగా చెబుతున్నాను.

మొదటి విమానంలో యూఎస్‌బీ తప్ప ఏమీ లేదు. రెండో బ్యాటరీ మొదలైన కొద్దిసేపటికే దిగిపోయారు. 3 మీద శాచురేషన్ 89, 90 మధ్య నిలిచింది. విరామంలో గేటు మారింది, వీల్‌ఛైర్ కోసం ఎదురుచూపులు, టెన్షన్. అయినా గోడ ప్లగ్ దొరికి, వాడిన బ్యాటరీలు చాలా వరకు నింపుకున్నారు.

రెండో విమానంలో సీటు ప్లగ్ ఉంది. పైకెక్కి కరెంట్ రాగానే నిండు బ్యాటరీతో పెట్టారు, చక్కగా నడిచింది. కొన్ని గంటల తర్వాత వీడియో స్క్రీన్లు మొరాయిస్తే సిబ్బంది ఆ విభాగానికి కరెంట్ ఆపి మళ్లీ ఇచ్చారు. సీటు ప్లగ్ మాత్రం తిరిగి రాలేదు. మెషిన్ చప్పుడు లేకుండా బ్యాటరీ మీదికి మారిపోయింది. వైరు గుచ్చే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బ్యాటరీ తగ్గిందని అలారం మోగాక చూశారు. సిబ్బందికి చెబితే స్విచ్ వేశారు, కరెంట్ వచ్చింది, క్షణాల్లో పోయింది. ఖాళీ బ్యాటరీ ఒక్కసారిగా లాగడంతో ప్లగ్ ఆగిపోయింది. అబ్బాయి కంగారు పడలేదు. వైరు తీసి, నిండు బ్యాటరీ మార్చి, కాసేపాగి మళ్లీ పెట్టాడు. ఆకుపచ్చ లైటు వెలిగి, నిలిచింది.

ఆక్సిజన్ పరంగా కష్టమైన ఘట్టం టాయిలెట్ నడక. 4 మీద పెట్టుకునే వెళ్లినా, తిరిగి సీటు చేరేసరికి శాచురేషన్ 82. మాట రావడం లేదు. ముందుకు వంగి, పెదవులు బిగించి నెమ్మదిగా ఊదడం ఇంట్లో నేర్పించాం కాబట్టి అదే చేశారు. నాలుగైదు నిమిషాల్లో 89కి వచ్చింది. అలాంటి సమయంలో నోటితో రొప్పితే పల్స్ మెషిన్‌కు శ్వాస అందదు. ముక్కుతో పీల్చమని పక్కన కూర్చుని గుర్తుచేసే మనిషి ఉండటం డయల్ పెంచినంత పని చేస్తుంది. తర్వాతి నడకకు భార్య ఆయన్ని మధ్యలో ఒకసారి ఖాళీ సీటులో కూర్చోబెట్టి తీసుకెళ్లారు. అప్పుడు 85 కన్నా దిగలేదు. నిద్రలో 88, 89.

దిగాక మూడు నిండు బ్యాటరీలు మిగిలాయి. ఇమిగ్రేషన్ లైన్‌లో అవే అక్కరకొచ్చాయి.

తిరుగు ప్రయాణానికి ముందు వీడియో కాల్‌లో మాట్లాడుకున్నాం. ప్రిస్క్రిప్షన్‌లో రెండు మార్పులు చేశాను. గంటకోసారి ఆక్సీమీటర్‌తో పాటు మెషిన్ స్క్రీన్ మీద ప్లగ్ గుర్తు వెలుగుతోందో లేదో చూసి రాయాలి. టాయిలెట్‌కు లేవడానికి రెండు నిమిషాల ముందే 4కి మార్చి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మధ్యలో ఒకసారి కూర్చోవాలి. ఎదురుగాలి వల్ల తొమ్మిదిన్నర గంటల ప్రయాణం అటునుంచి పదిన్నర గంటలు. రెండూ కలిపి పద్నాలుగున్నర, ఒకటిన్నర రెట్లు 21 గంటల 45 నిమిషాలు. పాత పద్ధతిలోనే 5 గంటలు 4 మీద, మిగతావి 3 మీద లెక్క వేస్తే ఏడు బ్యాటరీలను చిటికెడు దాటింది. “ఆ చిటికెడు కోసం ఇంకోటి మొయ్యాలా డాక్టర్ గారూ?” అని అబ్బాయి అడిగాడు. మోయాలన్నాను. అక్కడే అదే మోడల్ బ్యాటరీ ఒకటి అద్దెకు తీసుకుని, 3 మీద ఎన్ని గంటలు వస్తుందో కొలిచి, కవర్ మీద 8 అని రాసుకున్నాడు.